రాని హాల్‌టికెట్

అత్వెల్లి సర్వీస్ సెంటర్లో హాల్‌టికెట్లు పంచేది ఎప్పుడూ అటెండర్ అన్వరే. యూనివర్సిటీ అసలు క్యాంపస్ నగరంలో ఉంది. పనులు చేసుకుంటూ చదివేవాళ్ల కోసం రాష్ట్రమంతా ఇలాంటి సెంటర్లు పెట్టారు. ఆదివారం క్లాసులు, అసైన్‌మెంట్లు, పరీక్షలు అన్నీ అక్కడే. ఆ రోజు నూట అరవై మూడు టికెట్లు పంచి, అట్టపెట్టె బోర్లించి దులిపాడు అన్వర్. ఇంకొకటి రాలాలి. అది తనది.

ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. నలభై ఏడేళ్లకు, చదువు ఆగిపోయినవాళ్ల కోసం పెట్టే ప్రవేశ పరీక్ష రాసి గట్టెక్కాడు. డిగ్రీ ఫారం నింపి సెంటర్ ఇన్‌చార్జి ఫణిభూషణ్ చేతిలో పెడితే, ఆయన భుజం తట్టి, "ఇక నీ సంగతి నాకొదిలెయ్ అన్వరూ" అన్నాడు. ఆ ఒక్క మాటకే అన్వర్ కడుపు నిండిపోయింది. కాగితం ప్రకారం ఆదివారం అతనికి సెలవు. అయినా ఏడాది పొడుగునా వచ్చి గదులు ఊడ్చి, మాస్టరు లోపలికి రాగానే చీపురు పక్కన పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాడు.

అందరూ అసైన్‌మెంట్లు ఇచ్చి రసీదు తీసుకుంటారు. ఆ రసీదు చింపి ఇచ్చేది అన్వరే. తనవి మాత్రం నేరుగా ఫణిభూషణ్ చేతికే ఇచ్చాడు. రసీదు అడిగితే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందని సిగ్గుపడ్డాడు.

"సార్, నాది రాలే."

"ప్రింటింగులో ఆగుంటుందిలే. కంగారెందుకయ్యా?"

ఇంటి దగ్గర భార్య జహేదా నవ్వింది. "ఊరందరికి పంచి మీదే మర్శిన్రా ఏంది జీ?"

అన్వర్‌కు నవ్వు రాలేదు. పరీక్షలకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

మర్నాడు మేడ్చల్లో బస్సెక్కి నగరంలోని క్యాంపస్‌కు పోయాడు. అక్కడి గుమాస్తా బాలమణి కంప్యూటర్లో అతని పేరు కొట్టి చూసింది. పుట్టిన తేదీ కొట్టి మళ్లీ చూసింది.

"నీ ఫారమే రాలే అన్నా. రసీదున్నదా?"

"లేదమ్మా."

"ఏం మనిషివే! రసీదు లేకుంట ఎవలన్న ఇస్తరా?"

తొమ్మిదేళ్లుగా అదే మాట తను ఎంతమందిని అనలేదు!

తిరిగొచ్చేసరికి ఫణిభూషణ్ టిఫిన్ డబ్బా విప్పి భోంచేస్తున్నాడు. కూర్చోమన్నా అన్వర్ కూర్చోలేదు.

"నా ఫారం యాడున్నది సార్?"

ఫణిభూషణ్ ఎడమచేత్తో సొరుగు లాగాడు. ఫారం, దాని కింద నాలుగు అసైన్‌మెంట్లు. గుచ్చిన పిన్ను గుచ్చినట్టే ఉంది. ఒక్క పేజీ తిప్పిన జాడ లేదు.

"బాధపడతావని చెప్పలేదయ్యా. ఇక్కడ పనిచేసేవాడు ఇక్కడే చదవకూడదని రూలు. నిన్ను వేరే సెంటర్‌కి వేస్తారు. ఆదివారాలు నువ్వటు పోతే ఇక్కడ గదులెవరు తెరుస్తారు?"

"గీ ముచ్చట ముందే చెప్తే వేరే సెంటర్లనే జేరుదు గద సార్!"

"అందుకేగా చెప్పలేదు" అన్నాడు ఫణిభూషణ్, పెరుగు కలుపుకుంటూ. "అయినా పాఠాలు విన్నావుగా, అవెక్కడికి పోతాయి?"

"రంజాన్ల రోజా ఉండి గూడ ఒక్క ఆదివారం తప్పలే సార్ నేను."

"వచ్చే ఏడు దగ్గరుండి నేనే..."

"మీరొద్దు సార్."

పరీక్ష రోజు నూట అరవై మూడు మందికీ గదులు చూపించాడు. వెనక బెంచీలో తన పక్కన కూర్చునే దూలపల్లి అమ్మాయి లిఖిత ఆగి, "మీ రూమేది అంకుల్?" అంది.

"ఈసారి రాస్తలేను బిడ్డా. నువ్వు రాసొచ్చినంక నీ ఫోన్ల నాకొక ఫారం నింపాలె."

కొత్త చేరికలు అప్పటికే మొదలయ్యాయి. పరీక్షయ్యాక ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. ఆమె నింపుతుంటే అన్వర్ అక్షరం అక్షరం చూశాడు. చివర సెంటర్ల జాబితా వచ్చింది.

"దగ్గర్ల గాజులరామారం ఉందంకుల్."

"అది గూడ గీ సారు చేతికిందనే. కామారెడ్డి పెట్టు."

"ప్రతి ఆదివారం అంత దూరమా!"

"తెల్లారంగ బస్సుంటది."

జవాబు పత్రాల కట్టలు సర్దిన ఫణిభూషణ్ బయటికొచ్చాడు. "అన్వరూ, వచ్చే నెల కొత్త బ్యాచ్. ఆదివారం ఎనిమిదికల్లా వచ్చెయ్."

"ఇగ ఆదివారాలు నేనుండ సార్. కామారెడ్డిల చదువుకుంటున్న."

ఫణిభూషణ్ మొహం వాడిపోయింది. "తొమ్మిదేళ్లు సొంత మనిషిలా చూసుకున్నాను. చివరికి నువ్వు నాకింత మోసం చేస్తావనుకోలేదయ్యా."

లిఖిత తలెత్తి ఆయన వంక చూసింది. అన్వర్ ఫోన్ మీంచి చూపు తిప్పలేదు.

"నొక్కు బిడ్డా" అన్నాడు.