ఇల్లరికపు భోషాణం

మూత మళ్ళీ మూసుకోలేదు. ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేచి వెక్కిరించింది. గవ్రిల ఉలి అవతల పారేసి భోషాణాన్ని ఓ తన్ను తన్నాడు. దెబ్బ కాలికే తగిలింది.

కంబళ్ళు చిమ్మెటలు కొట్టేస్తున్నాయి, చలికాలం లోపల పెద్ద భోషాణం కావాలని భార్య అనుత్స అడిగింది. సంతలో కొనేస్తే పోయేది. కాని గవ్రిల ఇల్లరికపు అల్లుడు. ఆ కొండ ఊళ్ళో ఇల్లరికం వచ్చినవాణ్ణి చచ్చేదాకా మామగారి ఇంటిపేరుతోనే పిలుస్తారు. వాడు వేసిన కంచె కూడా మామగారి కంచే. ఇన్నేళ్ళలో మామ తొయాదెర్ నోట 'బాగుంది' అన్న మాట ఒక్కసారి రాలేదు. ఈ భోషాణంతో ఆ మాట అనిపించాలని గవ్రిల పంతం పట్టాడు. పంతం పట్టినవాడు ఓపిక కూడా పట్టాలి కదా? వేసవిలో కొట్టిన బీచ్ అనే అడవిచెట్టును ఆకు రాలేలోగా చెక్కలు కోసి బిగించేశాడు.

ముసలాయన పొయ్యి పక్క బల్ల మీంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

"పచ్చి చెక్క అల్లుడూ. అది నీ మాట వినదు."

"తెలుసు మామయ్యా."

"తెలిసే చేశావా? తెలియక చేశావనుకున్నాను."

"నాన్నా, కాసేపు ఆయన్ని వదిలెయ్," అంది అనుత్స.

"నేనేమన్నా పట్టుకున్నానా? చేసుకోమను. చిమ్మెటలకి గాలి బాగా ఆడుతుంది."

గవ్రిలకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం ఇంట్లోవాళ్ళు చర్చికి వెళ్ళగానే అటక ఎక్కాడు. గోనెల కింద వెడల్పాటి దేవదారు చెక్కలు కనిపించాయి. తడితే ఖంగుమన్నాయి, అంత బాగా ఆరి ఉన్నాయి. అడిగితే మళ్ళీ నాలుగు మాటలు పడాలని, అడక్కుండానే దించి రంపం పెట్టాడు. కొట్టంలో తలుపేసుకుని, మేకు ఒక్కటీ కొట్టకుండా, గాడిలో గాడి కూర్చి, వారం తిరిగేలోగా ముగించి ఇంట్లోకి తెచ్చాడు.

తొయాదెర్ వచ్చి మూత ఎత్తాడు, దించాడు. అది చప్పుడు లేకుండా కూర్చుంది.

"బాగుంది," అన్నాడు.

ముసలాయన చెక్కను అరచేత్తో తడిమాడు.

"ఎక్కడివి ఇవి?"

"అటక మీదివి మామయ్యా."

అనుత్స నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అవి నాన్న తన శవపేటిక కోసం దాచుకున్నవయ్యా. ఊళ్ళో ప్రతి అటక మీదా ఉంటాయి కదా, ఆ మాత్రం తట్టలేదా నీకు?"

తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి ఏం తడుతుంది? దొరక్క దొరక్క దొరికిన ఒక్క మాటా చేతులారా పోగొట్టుకున్నానని గవ్రిలకు ఏడుపొచ్చింది.

"విప్పేస్తాను మామయ్యా."

"ముక్కలు కోశాక ఏం విప్పుతావు? నన్ను ముడుచుకుని పడుకోమంటావా?" ముసలాయన భోషాణం మీదే కూలబడ్డాడు. "ఇంకో దేవదారు కొట్టు. ఈసారి సరిగ్గా ఆరనియ్. పచ్చి చెక్కలో నేను పడుకోను."

"ఆరాలంటే ఏళ్ళు పడుతుంది."

"పట్టనీ. అప్పటిదాకా పోవడానికి లేదు నాకు, నీ పుణ్యమా అని." లేచి మళ్ళీ పొయ్యి పక్కకు నడిచాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పెట్టె మాత్రం నువ్వే చెయ్యాలి. వడ్రంగినెవణ్ణీ పిలవొద్దు."