పోయినవాళ్లకు కబుర్లు మోసే కోటు

అమెరికాలో, సెయింట్ పాల్‌లోని లావోస్ నుంచి వలస వచ్చిన మా హ్మాంగ్ వాళ్ల బజారులో నాది బొప్పాయి సలాడ్ కొట్టు. పక్క కొట్టు బ్లియా, హువా అనే అక్కచెల్లెళ్లది. బ్లియా సూది పట్టిందంటే నత్త చుట్టలూ ఏనుగు పాదాలూ అనే మా పాత నమూనాలు వాటంతటవే గుడ్డ మీదికి నడిచి వచ్చినట్టుండేవి. హువాకు కుట్టు రాదు, నోరుంది. మా హ్మాంగ్ పెద్దవాళ్లు పిల్లల్ని తిట్టే తిట్లన్నీ ఏరి, ఆ పాత నమూనాల మధ్య అక్క చేత కుట్టించేది. "లావయ్యావు, ఇంకొంచెం తిను" అన్న దిండు గలీబులు కుట్టినవి కుట్టినట్టే అమ్ముడుపోయేవి.

ఒక చలికాలం మొదట్లో న్యాటూ తాత తన చావు కోటు చంకలో పెట్టుకుని వాళ్ల కొట్టుకు వచ్చాడు. పోయేరోజున వేసుకోవలసిన బట్టలు మాలో ముందే సిద్ధం చేసుకుంటారు. ఆయన కోటు కుడుతూ కుడుతూ, వీపు భాగం మిగిలి ఉండగానే, భార్య ఆయనకంటే ముందు వెళ్లిపోయింది. ఆ ఖాళీలో ఏదైనా కుట్టమన్నాడు. ఎక్కడికైనా ఆలస్యంగా వస్తాడని ఆవిడ బతికినంతకాలం సణిగిందట, అక్కడ కూడా అదే అందుకుంటుందట, అందుకని సంజాయిషీ ముందే రాసి ఉంచాలట. హువా మాట చెప్పింది, బ్లియా ఎర్రదారంతో కుట్టింది: "ఆలస్యమైంది. బండి పెట్టడానికి చోటు దొరకలేదు."

తాత మురిసిపోయి బజారంతా తిప్పి చూపించాడు. దానితో వచ్చింది తంటా.

మర్నాడే చేపలమ్మే షువా అత్త వచ్చి కూర్చుంది. "తాత ఎలాగూ వెళ్తాడు కదే హువా, మా ఆయనకి కూడా ఓ ముక్క కుట్టించు. గరాజు తాళంచెవి ఎక్కడ పెట్టి చచ్చాడో అడగమను."

బ్లియా కుదరదంది. తాత మాత్రం వీపు మీద చోటు బోలెడుందని, తనకేమీ బరువు కాదని అన్నాడు. ఇక వరస కట్టారు. ఒకామె మిరపకాయ పచ్చడిలో ఉప్పెంతో చెప్పకుండానే పోయిన తల్లిని అడగాలంది. ఒకాయనకు గాలం విరిగింది తన వల్ల కాదని పోయిన తమ్ముడికి తెలియాలి. ఇంకొకామె, ఆత్మ బతికిన ఊళ్లన్నీ వెనక్కి దాటుకుంటూ పోవాలి గనక దారిలో థాయ్‌లాండ్ శరణార్థుల శిబిరం ఎలాగూ తగులుతుందనీ, అక్కడ ఆగి తన నాయనమ్మను పలకరించి పొమ్మనీ కుట్టించుకుంది. వీపు నిండింది. చేతులు నిండాయి. కోటు తిరగేసి లోపలి గుడ్డ మీద మొదలుపెట్టారు.

చిక్కేమిటంటే తాత గుండ్రాయిలా ఉన్నాడు. రోజూ బజారు చుట్టూ నడుస్తాడు, అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంటాడు. కబుర్లు పంపినవాళ్లకు ఓపిక తగ్గింది. ఈ చలికి ఒంట్లో ఎలా ఉందని మెల్లగా ఆరా తీసేవారు. కొవ్వు కారే పంది మాంసం గిన్నెలకు గిన్నెలు తెచ్చి పెట్టేవారు. ఈలోగా కోటు మీద ఎవరి గురించి చాడీలు ఎక్కాయో వాళ్లకు సంగతి తెలిసింది. పోయిన అత్తగారికి మొగుడి మీద ఓ కోడలు కుట్టించిన ఫిర్యాదు ఆ మొగుడి కంటపడింది. వీళ్లంతా ఒకటై, తాత పదికాలాలు బతకాలని ఉప్పులేని ఆవాకు ఉడికించి తేవడం మొదలుపెట్టారు. తాత ఎవరినీ నొప్పించలేదు. రెండు జట్ల తిండీ తిన్నాడు.

జనవరిలో ఆయనకు నెమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం బ్లియా, హువా, నేను చూడబోతే గది బయట నడవా అంతా మా బజారే. ఎవరి చేతిలో చూసినా సూదీ దారమూ. కోడలు ఫిర్యాదులో ఒక మాట మార్చాలంటోంది, మొగుడు అసలు ఊడదీయాలంటున్నాడు. షువా అత్త తాళంచెవి మాట కింద గీత కుట్టమంటోంది. లోపల మంచం మీద ఆ మనిషి ముక్కుకు గొట్టంతో దగ్గుతున్నాడు.

బ్లియా ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు. ఆ రోజూ పెంచలేదు. "ఆయన ఇంకా మనిషే. టపా డబ్బా కాదు," అంది. సూదులు ఒక్కొక్కటే సంచుల్లోకి వెళ్లాయి.

లోపలికి వెళ్లి, ఈ కబుర్లన్నీ మోయడం ఇష్టమేనా అని తాతనే అడిగింది. మోయడానికేముంది, చదవడమే రాదన్నాడు ఆయన. తనకూ రాదు, తన భార్యకూ రాదు, ఆ కాలంలో పోయినవాళ్లలో చదువొచ్చినవాళ్లెవరో కూడా తెలియదట. ఆ మాట మాకెవరికీ తట్టలేదు.

"ఒక్కొక్కళ్లనీ రమ్మను. నోటితో చెప్పమను. గుర్తుంటే చెప్తాను," అన్నాడు.

వచ్చారు. కుట్టించుకోవడానికి తోసుకున్నవాళ్లు, మంచం పక్కన కూర్చుని ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పాల్సివచ్చేసరికి తడబడ్డారు. గాలం ఆయన నసిగి నసిగి, అది తన వల్లే విరిగిందని ఒప్పుకున్నాడు. కోడలు ఏమీ లేదులే తాతా అని లేచి వెళ్లిపోయింది. షువా అత్త మాత్రం చాలాసేపు కూర్చుంది. తాళంచెవి ఊసే ఎత్తలేదు. ఇంట్లో చేప వండినప్పుడు తలకాయ తినేవాళ్లు లేరని మొగుడితో చెప్పమంది.

అందరూ వెళ్లాక తాత అక్కచెల్లెళ్ల వైపు చూశాడు. "మీ అమ్మకేం లేదా?"

బ్లియా కిటికీ వైపు తిరిగింది. హువా మంచం దగ్గరికి జరిగింది.

"అక్క నన్ను సరిగ్గా చూసుకోవట్లేదని చెప్పు తాతా."

"దీనికి సూదిలో దారం ఎక్కించడం ఇప్పటికీ రాదని కూడా చెప్పు," అంది బ్లియా, అటే చూస్తూ.

"ఎక్కిస్తాను. నువ్వు చూడవు."

"ఎక్కించి ఏం కుట్టావు?"

తాత కళ్లు మూసుకున్నాడు. "ఇంకా కొట్టుకుంటున్నారని చెప్తాను. ఆవిడ స్థిమితపడుతుంది," అన్నాడు. బ్లియా కళ్లు తుడుచుకుంది. హువా నవ్వబోయి నవ్వలేకపోయింది.

తాత పోలేదు. మంచు కరిగే వేళకు కర్ర పట్టుకుని బజారుకు వచ్చాడు. మేం ముగ్గురం నా కొట్టులో కోటు పరుచుకుని, ఆయన సొంత మాట ఒక్కటి వదిలి, మిగతా అక్షరాలన్నీ కత్తెర మొనతో ఊడదీశాం. గుడ్డంతా చిల్లులు పడింది. అక్కడ ఏం కుట్టమంటావని బ్లియా అడిగింది. అక్షరాలు మాత్రం వద్దన్నాడు, తన అమ్మ కుట్టే, దోసగింజల్లాంటి రేకులున్న పూలు కావాలన్నాడు. బ్లియా ఆ వసంతమంతా అవే కుట్టింది. హువా పక్కన కూర్చుని దారాలు అందించింది, ఒక మూలన రెండు పూలు తనూ కుట్టింది. అవి దోసగింజల్లా లేవు. బ్లియా వాటిని ఊడదీయలేదు.