నొప్పి లేని పావుగంట

ఆ ఏడు వానాకాలంలో పాలకుర్తిలో ఇంటింటికీ కండ్ల కలక వచ్చింది. ఆటో నడిపే ఐలేశ్‌కు నాలుగు రోజుల్లో తగ్గింది. కూతురు శ్రేయకు వారం పట్టింది. భార్య స్వప్నకు ఎరుపైతే పది రోజుల్లో తగ్గింది కానీ మంట పోలేదు.

"కండ్లల్ల కారప్పొడి జల్లినట్టున్నది," అనేది.

మొదట్లో ఐలేశ్ బాగానే తిప్పాడు. జనగామలో ఇద్దరు డాక్టర్లు, వరంగల్‌లో ముగ్గురు. అందరూ గడ్డం ఆనించి కూర్చోబెట్టి, లైటు వేసి చూసి, కండ్లు శుభ్రంగా ఉన్నాయన్నారు. తడి తక్కువైందని చుక్కల మందు రాశారు. చివరి డాక్టరు ఐలేశ్‌ను పక్కకు పిలిచి, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆ ప్రశ్న అతని మనసులో నాటుకుపోయింది.

స్వప్న కుట్టు మిషన్ మీద బట్ట కప్పేసింది. కిటికీకి దుప్పటి కట్టింది. పొయ్యి సెగ తగిలినా, ఎవరైనా తలుపు తెరిచినా విలవిల్లాడేది. అన్నిటికంటే కష్టం ఫ్యానుతో వచ్చింది. ఆ గాలి తగిలితే బ్లేడుతో గీసినట్టుంటుందని తిరగనిచ్చేది కాదు. మరుసటి ఎండాకాలమంతా ముగ్గురూ ఉక్కలో పడుకున్నారు. శ్రేయ వీపంతా చెమటకాయలు పేలాయి.

జూన్‌లో బడులు తెరిచారు. ఎండలు మాత్రం తగ్గలేదు. ఒక మధ్యాహ్నం ఐలేశ్ అన్నానికి ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదు. చీకట్లో స్వప్న కండ్ల మీద తడిబట్ట వేసుకుని పడుకుంది. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా ఆటో నడిపిన మనిషి అతను. దుప్పటి గుంజి కింద పడేశాడు. ఆమెను రెక్క పట్టి కిటికీ దాకా లాక్కెళ్లాడు. ఎండ మొహం మీద పడుతుంటే, రెండు వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకున్నాడు.

"ఏడున్నదే నొప్పి? సూపియ్యి! ఐదుగురు డాక్టర్లకు దొరకంది నీకొక్కదానికే దొరికిందా?"

స్వప్న పెట్టిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లకంటే ముందే, బడి నుంచి అన్నానికి వచ్చిన శ్రేయ గుమ్మంలో నిలబడి ఉంది.

మర్నాడు నర్సింహులపేట నుంచి స్వప్న తల్లి సత్తెమ్మ వచ్చి కూతురిని తీసుకుపోయింది. బడి ఉందని శ్రేయ తండ్రి దగ్గరే ఆగిపోయింది. దసరా సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్లింది కానీ, పది రోజులూ తల్లి మూసిన తలుపుల వెనక, మూసిన కండ్లతోనే పిల్ల తల నిమిరింది.

డిసెంబరులో సత్తెమ్మ ఫోన్ చేసింది. మహబూబాబాద్‌లో ఒక చిన్న వయసు డాక్టరు, ఇది నరాల నొప్పి కావచ్చు, హైదరాబాద్‌లో పెద్ద కండ్ల దవాఖానలో చూపించమన్నాడట.

"నాకు పట్నం తొవ్వ తెల్వదు ఐలేశ్. ఒక్కసారి తోలుకపో బిడ్డా. ఇంక నిన్నేమడుగ."

అతను సరేనన్నాడు. కానీ మనసులో ఉన్నది వేరు. పెద్ద దవాఖానవాళ్లు కూడా ఏం లేదని రాసిచ్చేస్తే ఈ సంగతి అక్కడితో తేలిపోతుందనుకున్నాడు. ఇంట్లో చూసేవాళ్లు లేక శ్రేయను కూడా వెంటబెట్టుకున్నాడు.

అక్కడి డాక్టరమ్మ ముందు లైటు వేయలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గాలికి ఎట్లుంటుంది, వెలుతురుకు ఎట్లుంటుంది, నిద్ర లేవగానే ఎట్లుంటుంది అని ఓపిగ్గా అడిగింది. ఇట్లా ఎవరూ అడగలేదేమో, స్వప్న తడబడుతూ జవాబులు చెప్పింది. అంతా విన్నాక డాక్టరమ్మ ఆమె పెట్టుకున్న నల్లద్దాలు తీయించి, రెండు కండ్లలో ఒక్కో చుక్క వేసింది.

"ఇది మొద్దుబరిచే మందమ్మా. ఒక్క నిమిషం ఆగి చెప్పు."

ఐలేశ్ గోడకు ఆనుకుని చూస్తున్నాడు. స్వప్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. నుదుటి మీది ముడి వీడింది. పళ్లు బిగబట్టిన దవడ సడలింది. పెళ్లినాడు తను చూసిన మొహం అది. ఆ మొహాన్ని తను మరిచేపోయానని అతనికి అప్పుడే తెలిసింది.

"పోయింది," అంది స్వప్న. "మేడం, నొప్పి పోయింది."

చేతిలోని నల్లద్దాలు ఒళ్లో పెట్టుకుంది. "జర ఆ ఫ్యాను ఎయ్యుండ్రి," అని అడిగింది. కండ్లు తెరుచుకుని, ఆ గాలికి మొహమెత్తి కూర్చుంది. తర్వాత శ్రేయను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ముందటి పండ్లు ఎప్పుడొచ్చినయ్ బిడ్డా?"

"దసరకే వచ్చినయమ్మా. నీకు చెప్పిన గదా."

"చెప్పినవు. నేను సూడలే." పిల్ల జడలు విప్పి, వేళ్లతోనే దువ్వి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. అల్లుతూనే మొగుడి వంక చూసింది. "బక్కగైనవ్," అంది.



రెండో జడ సగంలో ఉండగా ఎడమ రెప్ప కొట్టుకుంది. తర్వాత కుడిది. ఆమె వేళ్లు గబగబా కదిలాయి, ఎట్లాగైనా జడ పూర్తి చేయాలన్నట్టు. కాలేదు. రిబ్బను జారిపోయింది. స్వప్న అద్దాల కోసం ఒళ్లో తడుముకుంది.

"ఇంకొక్క చుక్క ఎయ్యుండ్రి మేడం. జడ ఒడిసేదాక." రెండు చేతులూ జోడించింది.

"వేయకూడదమ్మా. మాటిమాటికీ వేస్తే కన్నే పోతుంది. నొప్పి ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికే వేశాను."

సాయంత్రం, పెద్ద యంత్రంతో తీసిన బొమ్మ చూపించింది డాక్టరమ్మ. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుందని, అందులో సన్నటి నరాలు దారాల్లా సాగి ఉండాలని చెప్పింది. స్వప్న నరాలు తెగి, చివర్లు ముడులు పడి ఉన్నాయి. మామూలు లైటుకు అవి కనపడవట. ఆమె రక్తంలోంచే తీసిన నీటితో చుక్కల మందు చేస్తామని, నరాలు నెమ్మదించడానికి మాత్రలు కూడా ఇస్తామని చెప్పింది. ఏడాది పట్టవచ్చు. పూర్తిగా పోతుందని మాటివ్వలేనంది.

"నేను నటిస్తలేను గద మేడం?" అని అడిగింది స్వప్న.

"లేదమ్మా."

ఆ ఒక్క మాటకు స్వప్న గొంతెత్తి ఏడ్చింది. ఉప్పునీళ్లు కండ్లను ఇంకా మండిస్తుంటే ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. ఐలేశ్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. తెగిన ఆ నరాలనే ఆ రోజు తను రెప్పలు విప్పి ఎండకు పట్టాడు.

తిరుగు ప్రయాణంలో తొర్రూరులో బస్సు దిగారు. "ఇంటికి పోదాం పా," అన్నాడు.

"రాను. నీ చెయ్యి మొహం కాడికొస్తే నాకు గజ్జున వణుకొస్తది. నేను కావాలని చేస్తలేను." స్వప్న పిల్ల చెయ్యి పట్టుకుంది. "శ్రేయను నాతోని తోలియ్యి. బడి మా ఊర్ల సూస్త."

అతను కాదనలేదు. తల్లీబిడ్డలను నర్సింహులపేట ఆటో ఎక్కించి, పాలకుర్తికి ఒక్కడే వెళ్లిపోయాడు.

ఇప్పటికి పది నెలలైంది. నొప్పి సగానికి దిగింది. పొద్దుగూకే వేళ స్వప్న అరుగు మీద కూర్చోగలుగుతుంది, రోజుకొక అరగంట కుడుతుంది కూడా. హైదరాబాద్ నుంచి మందు సీసాలు ఐసు డబ్బాలో పెట్టుకుని ఐలేశే తెస్తాడు. సత్తెమ్మ అందుకుని లోపల పెడుతుంది, చాయ ఇస్తుంది. పోయినసారి స్వప్న ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిన మాట అతను అనేశాడు.

"తప్పు చేసిన స్వప్నా."

"ఎరుకే," అంది ఆమె, కోపమేమీ లేకుండా. "ఇంక ఆ మాట అనకు. నువ్వన్నప్పుడల్లా అది యాదికొస్తది."

తర్వాత శ్రేయ లెక్కల్లో వెనకబడిందని, టీచరు ఇద్దరినీ రమ్మందని చెప్పింది. ఏ రోజని అడిగాడు. శనివారం పొద్దున్నే అంది. వస్తానని చెప్పి, చల్లారిన చాయ తాగి, ఆటో స్టార్ట్ చేశాడు.