అండ్ ఫ్యామిలీ

"అన్నం ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాను. డైనింగ్ టేబుల్ మీద పప్పుగిన్నె పెట్టేంత చోటు కూడా లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి ఒక సైకిలు ఫ్రేము పడుకుని ఉంది. చక్రాల్లేవు, పెడల్స్ లేవు, సీటు లేదు, హ్యాండిలు లేదు. ఉన్నవల్లా నాలుగు ఇనపగొట్టాలూ, ముందొక ఫోర్కూ, వాటి మీద పెచ్చులూడిన నీలం రంగూ.

"కొంచెం పక్కకి జరుపుకోవే," అన్నారు మావారు ఫోన్లోంచి తలెత్తకుండా. "మామూలు సైకిలనుకున్నావేటి? ట్రాక్ ఫ్రేమది. వింటేజ్. నలభై ఏళ్ల కిందటిది."

నాకు నలభై ఆరు. నన్ను చూసి ఇంతవరకూ ఎవరూ ఆ మాట అని ముచ్చట పడలేదు. కంచాలన్నీ సోఫా మీదికి చేర్చాను.

మావారు ఆనందకుమార్ గారికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం. ఉక్కునగరంలో క్వార్టరు. కిందటేడు బీపీ వచ్చిందని డాక్టరు సైకిలు తొక్కమంటే, ఆయన సైకిలు తొక్కకుండా సైకిలు క్లబ్బులో చేరారు. క్లబ్బులో ఎవరిదో పాత రేసు సైకిలు చూసి మనసు పడి, ఫొటో చూసి ఈ ఫ్రేము తెప్పించారు. గుండ్రటి ట్రాకు మీద పందేలకి వాడే రకమట. దానికి గేర్లుండవు, బ్రేకులుండవు, ఫ్రీవీలు కూడా ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది, పెడలు తిరిగినంతసేపూ కాలు ఆడించాల్సిందే, అలిసిపోయాను కాసేపాగుతానంటే కుదరదు. "ఎంత గొప్ప ఐడియానో సూడు!" అన్నారాయన. నాకు అందులో కొత్తేమీ కనపడలేదు.

పెడల్స్ తిరిగే చోట, గొట్టంలో బేరింగు గుండ్లు కూర్చునే పాత ఇనప కప్పొకటి తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. దాన్ని విప్పడానికి ఆయన రెండు ఆదివారాలు పోరాడారు. మా అత్తయ్య పక్కన కూర్చుని విసనకర్ర విసిరింది. నేను మజ్జిగ ఇచ్చాను, తువ్వాలు ఇచ్చాను, స్పానరు ఇచ్చాను. "దానికి మరలు తిరగేసి ఉన్నాయేమో చూడండి," అని ఒక్క మాట కూడా ఇచ్చాను. "ఇరవై ఏడేళ్లుగా మిల్లులో బోల్టులు ఇప్పిత్తన్నాను, నాకు నేర్పుతావేటి?" అన్నారు. అదే కదా నేననేది. ఇప్పించడం వేరు, ఇప్పడం వేరు. మూడో ఆదివారానికి ఆయనకి క్లబ్బు మీటింగు వచ్చింది. నాలుగో ఆదివారానికి నడుం నొప్పి వచ్చింది. ఫ్రేము టేబుల్ మీదే ఉంది. ఐదు నెలలు ఉంది. ఆ ఐదు నెలలూ దాని సందుల్లో దుమ్ము తుడిచిందీ, గొట్టాల మధ్య కూరగిన్నెలు ఇరికించిందీ నేనే.

నిజం చెబుతున్నాను, నాకు సైకిలంటే ప్రేమ పుట్టి కాదు. నాకు నా టేబుల్ కావాలి. అది పూర్తయితే తప్ప అక్కణ్ణుంచి కదలదని అర్థమయ్యాక, ఒక మధ్యాహ్నం అంట్లు తోమేసి, యూట్యూబ్‌లో ఎవరో ముసలాయన చెప్పేది విన్నాను. నేనన్నట్టే, కుడివైపు కప్పుకి మరలు తిరగేసి ఉంటాయి. అంటే మావారు రెండు ఆదివారాలూ, విసనకర్ర గాలి తగులుతుండగా, దాన్ని ఇంకా బిగించారన్నమాట. రాత్రంతా కిరసనాయిలు పట్టించి, మర్నాడు స్పానరుకి నీళ్ల పైపు ముక్క తొడిగి, నా బరువంతా వేసి రెండోవైపుకి నొక్కాను. కిర్రుమంది. బీఎస్సీ మ్యాథ్స్ ఫస్టుక్లాసులో పాసయిన రోజు తర్వాత అంత తియ్యటి చప్పుడు మళ్లీ వినలేదు నేను.

సాయంత్రం కప్పు చేతిలో పెడితే మావారు అటూ ఇటూ తిప్పి చూశారు. "సూశావా! నాను ఆ రెండాదివారాలూ లూజు సేసుంచాను కాబట్టే వచ్చింది," అన్నారు. అత్తయ్య అందుకుంది: "కూర్లో కిరసనాయిలు వాసనొత్తందేటమ్మా?"

చక్రాల కోసం కూర్మన్నపాలెంలో బస్సెక్కి, టౌన్లో పాత పోస్టాఫీసు దగ్గర హుస్సేన్ బాషా గారి కొట్టుకి వెళ్లాను. చక్రమంటే బాషా చక్రమేనని ఊళ్లో సైకిళ్లవాళ్లంతా చెప్పే మాట. ఆయన తండ్రి రోజుల్లో, ఇనప ఖనిజం కోసం రేవుకొచ్చే జపాన్ ఓడల వాళ్లు సైకిలు సామాన్లు అమ్ముకుపోయేవారట. ఆయన పైకప్పు దూలం నుంచి పేపరు పొట్లం ఒకటి దించి విప్పారు. జపాను హబ్బుల జత, చక్రాల నడిమి ఇరుసులు. వెనకదాని మీద పళ్లచక్రం కదలకుండా బిగించుకునే రకం. పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో అది కొన్నాను, రిమ్ములు కొన్నాను, ఊచలు కొన్నాను. "రెండు రోజుల్లో అల్లిచ్చేస్తామమ్మా," అని బాషా గారు అన్నీ పట్టుకుని లోపలికి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని టీ ఊదుకోసాగారు.

తెర వెనక నుంచి ఒకావిడ తల బయట పెట్టింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. చేతిలో నా హబ్బుంది. "మేడమ్, ఎక్కేవోళ్ల బరువెంత? బరువు బట్టి ఊచలు లాగాలి."

అల్లేది ఈవిడ! ఇంట్లోకి వెళ్లి చూద్దును కదా, గోడలకి వరసగా చక్రాలు. నలభై ఏళ్లుగా బాషా చక్రాలన్నీ ఆయన భార్య, ఈ ఫాతిమక్క అల్లినవే. చాప మీద కూర్చుని, చక్రం ఒళ్లో పెట్టుకుని, ఊచని వేలితో మీటి చప్పుడు విని చెబుతుంది ఎక్కడ లూజుందో. "బోర్డు మీద మీ పేరు లేదేంటక్కా?" అన్నాను. "అరె, బోర్డు రాసినోడు వచ్చిన రోజున నాను వంటింట్లో ఉన్నా," అంది, నవ్వుతూ. "సెప్పు సెల్లీ, బరువెంత?"

మావారిది ఎనభై నాలుగు. నాలిక చివరిదాకా వచ్చింది. "యాభై ఎనిమిది," అన్నాను. అది నాది. ఎందుకన్నానో ఆ క్షణంలో నాకే తెలీదు. బస్సులో తిరిగొస్తూ గాజువాక దాటాక తెలిసింది, నవ్వొచ్చింది. పక్కన కూర్చున్నామె కొంచెం దూరం జరిగింది.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటే నా డబ్బులతోనే కొని కట్టుకొచ్చాను. కప్పుల్లో గ్రీజు నింపి గుండ్లు పేర్చాను. పళ్లచక్రాల లెక్క నేనే వేసుకున్నాను, ముందు నలభై రెండు పళ్లు, వెనక పదహారు. మావారు మాత్రం క్లబ్బు గ్రూపులో రోజుకో ఫొటో పెట్టేవారు. ఒకరోజు నేను చైను బిగిస్తుంటే ఫోను పట్టుకుని వచ్చి, "ప్రేమా, ఆ గాజులు కొంచెం తీసేయ్," అన్నారు. గీసుకుంటాయని నా మీద జాలిపడ్డారేమో అనుకుని తీసేశాను. ఫొటోలో ముంజేతి దాకానే ఉంది. కింద రాసుకున్నారు: "ఆదివారం, నా చేతులూ, నా సైకిలూ." ఇరవై మూడు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నా చేతులకి అంతమంది చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

సైకిలు కట్టాక తొక్కి చూడకపోతే చైను సరిగ్గా బిగిసిందో లేదో తెలీదు. మావారికి 'ఏ' షిఫ్టు, అంటే పొద్దుటి డ్యూటీ, వచ్చిన వారం, ఆయన్ని ఐదుంబావు బస్సెక్కించి, చుడీదారు కాలికి రబ్బరు బ్యాండు వేసుకుని, సెక్టారు రోడ్డు మీదికి నడిపించుకెళ్లాను. ఫ్రేము నాకు పెద్దది. సీటు కిందికంటా దించినా కాలిబొటనవేలే అందేది. ఫుట్‌పాత్ గట్టు మీద కాలు మోపి ఎక్కాను. పది గజాలు పోయాక అలవాటు కొద్దీ తొక్కడం ఆపాను. పెడలు నా కాలిని విసిరికొట్టింది. వెళ్లి గడ్డిలో పడ్డాను. పాలబ్బాయి తప్ప చూసినవాళ్లు లేరు. నాలుగో రోజుకి, కాళ్లు బిగబట్టి నెమ్మదించడం వచ్చింది. మళ్లీ 'ఏ' షిఫ్టు వచ్చిన వారానికి, దానితో పేచీ మానేశాను. అది తిప్పినప్పుడు నేను తిరుగుతున్నానో, నేను తిప్పినప్పుడు అది తిరుగుతోందో తెలీకుండా, చెట్ల కింద నుంచి చల్లగాలి దుపట్టాని లాగుతుంటే, ఆ ఖాళీ రోడ్డు మీద అరగంట. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇంతకాలంలో నేను ఎంత చాకిరీ చేసినా ఉన్నచోటే ఉన్నాను. ఇక్కడ నా చాకిరీకి నేనే కదులుతున్నాను. ఇంటికొచ్చి ఇడ్లీపిండి గరిటె పట్టుకుంటే మోకాళ్లు వణికేవి. ఆ వణుకు నాకు మహా ఇష్టంగా ఉండేది.

అప్పుడు, ఒక గురువారం భోజనాల దగ్గర, ఖాళీ అయిన టేబుల్ మీద మోచేతులానించి మావారు ప్రకటించారు. "సైకిలు క్లబ్బుకి ఇచ్చేత్తన్నాను. హాల్లో గోడకి తగిలిస్తారట. ఆదివారం ప్రెసిడెంటు డేవిడ్ రాజు గారు స్వయంగా వత్తన్నారు తీసుకెళ్లడానికి."

"గోడకా? మరి తొక్కేదెవరు?"

"తొక్కడానికేటే అది! సూడ్డానికి."

"నేను తొక్కుతున్నానండీ. మీరు పొద్దుటి డ్యూటీకి వెళ్లిన రోజల్లా."

ఆయన ముద్ద ఆపి నన్ను చూశారు. తర్వాత అత్తయ్యని చూశారు. తర్వాత నవ్వారు. కోపగించుకుంటే ఏదో ఒకటి అందును. నవ్వారు. "నువ్వా? ఈ వయసులో కాలిరిగితే వంటెవరు సేత్తారే?"

"దాన్ని కట్టింది నేను," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అబ్బా, నువ్వు హెల్పు సేశావు, నాను కాదన్నానేటి? ప్లేటు మీద నీ గురించి కూడా రాయించాను కదా." లేచి వెళ్లి, కవర్లోంచి ఇత్తడి ప్లేటు తీసి చూపించారు. "నిర్మాణం, బహూకరణ: ఆనందకుమార్ అండ్ ఫ్యామిలీ."

మా చర్చిలో మేమిచ్చిన ఫ్యాను రెక్కల మీదా ఇలాగే ఉంటుంది. పాస్టరు గారింటికి ఇచ్చిన కుర్చీల వెనకా ఇలాగే ఉంటుంది. ఆ అండ్ తర్వాత ఉన్నది నేనే అని ఇన్నాళ్లూ తల పైకెత్తి చూసి సరిపెట్టుకున్నాను. ఫ్యాను కాబట్టి సరిపోయింది. ఫ్యాను నేను కట్టలేదు కదా. తొక్కి తొక్కి గట్టిపడిన నా కాళ్లు టేబుల్ కింద ఊరికే ఉన్నాయి. వాళ్లు గోడకి తగిలించుకోవడానికి తీసుకెళ్తున్నది నా అరగంటని. ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ అరగంటే. పోట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు. పది రోజులు ఎడమొహం పెడమొహం, పదకొండో రోజున "పోనీలే, ఇంకో సైకిలు కొనిపెడతాలే, లేడీసు సైకిలు," అంటారు. బుట్టతో సహా.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, బిర్యానీ తిని, మావారు రెండింటికి పడుకున్నారు. ప్రెసిడెంటు గారు నాలుగింటికి. నేను సైకిలు వెనక వరండాలోకి తీసుకెళ్లి స్పానర్లు పరిచాను. ముందు చక్రం, చైను, వెనక చక్రం. ఎడమ పెడలు తిరగేసి విప్పాలి. విప్పాను. పెడల్స్ మోసే క్రాంకులు, హ్యాండిలు, సీటు. ఏదీ మొండికెయ్యలేదు, అన్నిటికీ గ్రీజు పెట్టింది నేనే కదా.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో తెలీదు. "కట్టిందాన్ని మళ్లీ ఇప్పేత్తన్నావేటమ్మా?"

"తుడిచి పెడదామని, అత్తయ్యా."

ఆవిడ నా వంకా, నేల మీది సామాను వంకా చూసింది. లోపలికి వెళ్లి కొడుకుని లేపుతుందనుకున్నాను. కొంగు దోపుకుని మెట్టు మీద కూర్చుంది. "అన్నీ ఇప్పేయ్," అంది గొంతు తగ్గించి. "సగం ఇప్పితే ఆడు మళ్లీ బిగించమంటాడు."

గోనెసంచి నోరు కూడా ఆవిడే పట్టుకుంది.

డేవిడ్ రాజు గారు పొడుగ్గా, పెద్దమనిషిలా ఉన్నారు. పాపం, పువ్వులు కూడా తెచ్చారు, మావారికి. "గ్రూపులో ఫొటోలన్నీ చూశానండీ ఆనంద్ గారూ, ఆ చేతుల్లో పనితనం ఉందండీ," అన్నారు. మావారు వినయంగా తన చేతులకేసి చూసుకుని, "ప్రేమా, సైకిలు పట్రా," అన్నారు.

ఫ్రేము తీసుకొచ్చి ఇద్దరి మధ్యా సోఫా మీద పెట్టాను. గొట్టాలు నాలుగూ, ఫోర్కూ, పెచ్చులూడిన నీలం రంగూ. శుభ్రంగా తుడిచాను, మిలమిలలాడుతోంది. డేవిడ్ రాజు గారు కొంచెం జరిగి చోటిచ్చారు.

"ఇదేటే?" అన్నారు మావారు. "మిగతావేవే?"

"మీరు క్లబ్బుకి ఇస్తానన్నది మీరు తెచ్చిన సైకిలు కదండీ. మీరు తెచ్చింది ఇదే. ఎక్కడా గీత కూడా పడకుండా చూశాను."

"అది సరే, సక్రాలూ, సైనూ..."

"చక్రాలు ఫాతిమా గారని, పాత పోస్టాఫీసు దగ్గర ఉంటారు, ఆవిడ అల్లారు," అని డేవిడ్ రాజు గారికి చెప్పాను. "మిగతాది నేను కట్టానండీ. ఆ ఫొటోల్లో చేతులు కూడా నావే."

ఆయన నా చేతుల వంక చూశారు. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు. ఆయన మెల్లగా లేచి నిలబడ్డారు. పెద్దవాళ్లొస్తే నిలబడతాం చూడండి, అలా. మావారి మొహం వంక చూడబుద్ధి కాలేదు, చూడలేదు. వంటింట్లో అత్తయ్య టీ గ్లాసులతో అవసరానికి మించి చప్పుడు చేస్తోంది.

"ఆ సామానంతా ఇప్పుడేం సేసుకుంటావే?" అన్నారాయన చివరికి.

"ఇది నాకు పెద్దదండీ. నా కాళ్లకి సరిపోయే ఫ్రేమొకటి బాషా గారి కొట్లో ఉందని ఫాతిమక్క ఫోన్ చేసింది," అన్నాను. "రేపు మీకు 'ఏ' షిఫ్టు. కేరేజీ మీరే కట్టుకోండి, నేను తొలి బస్సుకి వెళ్తున్నాను."