ఠప్పుమనే పెడల్

మడివాళ మార్కెట్ వెనక వీధిలో ఉండే రామాంజినప్పకు గిటారంటే ప్రాణం. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్ళూ సాయంత్రమైతే చాలు, సరోజమ్మ ఆర్కెస్ట్రాలో వాయించడానికి పరుగెత్తేవాడు. వినాయక ఉత్సవాలు, పెళ్ళి రిసెప్షన్లు, నవంబరులో కన్నడ రాజ్యోత్సవాలు, ఏదీ వదిలేవాడు కాదు. రిటైరయ్యాక ఇక పగలూ సాయంత్రమూ అదే లోకమైపోయింది.

ఆయన కోడలు వనజది హిందూపురం. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే పనిలో చేరింది. కాపురానికి వచ్చి ఏడాది దాటినా మామ ఆమెతో నేరుగా మాట్లాడింది తక్కువ. కోపమేమీ లేదు, కోడలితో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు, అంతే. ఏం కావాలన్నా భార్య సుంకమ్మతో చెప్పేవాడు. వనజ ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "కాఫీలో చక్కెర తగ్గించమను" అనేవాడు. సుంకమ్మ "విన్నావు కదమ్మే" అనేసి తన పని చూసుకునేది.

రామాంజినప్ప దగ్గర ఒక పెడల్ ఉండేది. అరచేతిలో పట్టే ఇనుప పెట్టె. గిటారుకూ యాంప్లిఫయరుకూ మధ్య దాన్ని పెట్టి కాలితో తొక్కితే, అంతవరకూ సన్నగా పలికిన గిటారు జీరగా, నిండుగా పలుకుతుంది. మళ్ళీ తొక్కితే మామూలే. అయితే ఆపి ఉంచినప్పుడు కూడా ఆ పెట్టె గిటారు నాదాన్ని కొంత మింగేస్తోందని ఆయనకు గట్టి అనుమానం. ఒకరోజు దాన్ని విప్పి పాత స్విచ్ పీకేశాడు. పెడల్ ఆపినప్పుడు గిటారు వైరు లోపలి సర్క్యూట్‌ను తాకకుండా తిన్నగా యాంప్లిఫయరుకు పోయేట్టు వేరే స్విచ్ బిగించాడు. పక్కన ఒక ఎర్రలైటు కూడా పెట్టాడు. నాదం తేటపడింది. కానీ తొక్కినప్పుడల్లా ఠప్పుమని ఒక చప్పుడు వచ్చి చేరింది. ఇంట్లో ఉన్న చిన్న యాంప్లిఫయరులో అది చిటికె వేసినంతే. ఆయన పట్టించుకోలేదు.

ఆ ఏడు వినాయక ఉత్సవంలో సరోజమ్మ ఒక జోలపాట ఎత్తుకుంది. వీధి వీధంతా సద్దుమణిగి వింటోంది. రెండు చరణాలు అయ్యాక గిటారు అందుకోవాలి. రామాంజినప్ప పెడల్ తొక్కాడు. స్టేజీకి అటూ ఇటూ నిలువెత్తు స్పీకర్లు. ఆ ఠప్పు కాస్తా నాటుబాంబు పేలినట్టు పేలింది. ముందు వరుసలో నిద్రపోతున్న చంటిపిల్లలు ఒక్కసారిగా కేర్‌మన్నారు. ఎక్కడో షార్టయిందనుకుని జనరేటరు మనిషి కరెంటు ఆపేశాడు. చీకట్లో ఈలలు, నవ్వులు.

దీపాలొచ్చాక సరోజమ్మ ఆయన పక్కకు వచ్చి మెల్లగానే చెప్పింది. "అన్నా, ఆ డబ్బాను బాగన్నా చేయించు, లేకుంటే ఇంట్లోనన్నా పెట్టి రా. నువ్వు కాలు కదిలిస్తే నాకు గుండె దడదడమంటా ఉండాది."

ఆమె అన్నది పెడల్ గురించి. రామాంజినప్పకు మాత్రం తననే ఇంట్లో కూర్చోమన్నట్టు తోచింది. మరుసటి వారం నుంచి ప్రాక్టీసుకు పోవడం మానేశాడు. ఎవరైనా పిలవడానికి వస్తే "మోకాలు నొప్పి అని చెప్పు" అనేవాడు సుంకమ్మతో. స్విచ్ నాసిరకందేమోనని మార్చాడు. ఠప్పు పోలేదు. ఇంకోటి మార్చాడు. అప్పుడూ పోలేదు.

దసరా అయిన కొత్తల్లో సుంకమ్మ తన అక్క కూతురి పురిటికి హోసూరు వెళ్ళింది. వనజ భర్త మంజునాథకు ఆదివారం కూడా డ్యూటీయే. ఇంట్లో మామా కోడలూ మిగిలారు. పొద్దున వనజ బట్టలు ఆరేస్తుంటే వరండాలోంచి చప్పుడు వినబడింది. ఠప్. కాసేపాగి మళ్ళీ ఠప్. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి నిలబడింది.

"మామా, నేను ఒకసారి చూసేదా?"

రామాంజినప్ప అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగాడు. జవాబు చెప్పించడానికి అక్కడ సుంకమ్మ లేదు. పీట జరిపాడు. "కూర్చో తల్లీ."

వనజ పెట్టెను తిప్పి తిప్పి చూసింది. సోల్డరింగ్ ఎక్కడా ముద్దకట్టకుండా నీటుగా ఉంది. ఆ మాటే అంది. ఆయన మొహం కొంచెం విప్పారింది. "నాకు లైటు మీద అనుమానం మామా. వెలిగేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగి చప్పుడు చేస్తా ఉండాదేమో" అని ధీమాగా లైటు వైరు విప్పేసింది. "ఇప్పుడు తొక్కండి."

ఠప్.

"లైటు పెట్టకముందు కూడా ఈ చప్పుడు ఉన్నింది" అన్నాడాయన.

"మరి ముందే చెప్పకూడదా మామా!"

"నువ్వు అంత నమ్మకంగా విప్పుతా ఉంటే ఎట్ల చెప్పేది?"

వనజకు నవ్వాగలేదు. ఆమె నవ్వు చూసి ఆయనా నవ్వాడు. ఆ తర్వాత మాట్లాడటం ఇద్దరికీ సులువైంది.

"ఇంకోటి గమనించినా" అన్నాడు రామాంజినప్ప. "వెంటవెంటనే తొక్కితే చప్పుడు చిన్నది. చాలాసేపు తొక్కకుండా ఉంచి తొక్కితే పెద్దది. ఆ పొద్దు పాటలో కూడా మొదటి నుంచీ తొక్కనే లేదు. ఒక్కసారి తొక్కితిని, కొంప మునిగె. ఇంతకూ ఇది దేనికన్నా పనికొచ్చే మాటేనా?"

వనజ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది. "పనికొచ్చేదా? ఉండండి మామా, ఉండండి" అంటూ లోపలినుంచి మీటరు తెచ్చుకుంది. పెడల్‌లోకి గిటారు వైరు వచ్చే చోట ఒక చిన్న కెపాసిటర్ ఉంది. పెడల్ ఆపి, దాని మీద మీటరు కాసేపు ఆనించి చూసి తలెత్తింది.

"దీనికి లోపలి పక్క బ్యాటరీ కరెంటు ఉండాది. బయటి పక్క గిటారు. మీరు పెడల్ ఆపితే ఈ బయటి కొస దేనికీ తగలకుండా గాల్లో ఉండిపోతా ఉండాది. లోపలినుంచి సన్నగా లీకై చార్జి ఇక్కడ పోగవుతాది. ఎంతసేపు ఆపి ఉంచితే అంత. మళ్ళీ తొక్కినప్పుడు అదంతా ఒక్కసారిగా దిగుతాది. అదే ఠప్పు."

రామాంజినప్ప కళ్ళు చిన్నవి చేసి విన్నాడు. "మా ఫ్యాక్టరీలో కంప్రెసర్ పైపుల్లో నీళ్ళు నిలిచిపొయ్యేవి. వాల్వు తిప్పితే దడేలుమని కొట్టేది. కుళాయి మాదిరి ఒక చిన్న కాకు పెట్టి, ఎప్పుడూ కొంచెం కారనిచ్చే వాళ్ళం."

"ఇక్కడా అంతే మామా. చార్జి కారిపోయేదానికి సన్న దారి కావాల."

"గిటారు సౌండు కూడా ఆ దారిలోనే కారిపోతే? దానికోసమే కదా నేను ఇన్ని తిప్పలు పడింది!"

"అందుకే దారి చాలా సన్నగా ఉండాల. పది లక్షల ఓముల రెసిస్టర్ వేస్తే చార్జి దిగిపోతాది, సౌండుకు తెలియను కూడా తెలీదు."

మరుసటి శనివారం ఇద్దరూ ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్ళుండే ఎస్.పి. రోడ్డుకు బయల్దేరారు. బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో, ఆయన వెనక. నడుమ నిలబడ్డ జనం తలల మీదుగా "వనజమ్మా, రెసిస్టరు ఒకటి చాలునా, రెండు కావాల్నా?" అని గట్టిగా అడిగాడు. బస్సంతా అటు తిరిగి చూసింది. ఆమె సిగ్గుపడుతూనే రెండు వేళ్ళు చూపించింది.

గిటారు వచ్చే కొసన ఒక రెసిస్టర్ పెట్టగానే చప్పుడు ముప్పాతిక పోయింది. యాంప్లిఫయరుకు పోయే కొసన కూడా అలాంటి కెపాసిటరే ఉంది కాబట్టి, అక్కడ రెండోది ఆయనే సోల్డర్ చేశాడు. వనజ దీపం పట్టుకున్నట్టు టార్చి పట్టుకుంది. లైటు కూడా మళ్ళీ కలిపారు. పెడల్‌ను ఆపి, కాఫీ తాగి, కావాలనే చాలాసేపు కబుర్లు చెప్పుకుని, అప్పుడు తొక్కాడు. ఎర్రలైటు వెలిగింది. కాలి కింద స్విచ్ తిరిగిన టిక్కు తప్ప యాంప్లిఫయరులో ఏమీ లేదు. ఆయన మళ్ళీ తొక్కాడు. చెవి స్పీకరుకు ఆనించి ఇంకోసారి చేత్తో నొక్కాడు.

"పోయినాది" అన్నాడు. తర్వాత గిటారు మీటి, కళ్ళు మూసుకుని విన్నాడు. నాదం ఏమీ తగ్గలేదు.

అయినా ప్రాక్టీసుకు పోవడానికి కాళ్ళు రాలేదు. "నెల దినాల పైనే మొహం చాటేసినా. ఇప్పుడు ఏమని పోయేది?" అన్నాడు.

"పెడల్ బాగైందని పొండి. మీరు అందరికీ మోకాలు నొప్పి అనే కదా చెప్పించినారు."

"అదీ బాగైందని చెప్పాల్నా?"

"చెప్పండి మామా. అది కూడా నేనే రిపేరు చేసినా అనండి."

ఆయన పోయాడు. ఆయన కుర్చీ ఎక్కడుండేదో అక్కడే ఉంది. పెడల్ పెట్టబోతుంటే మాత్రం సరోజమ్మ రెండడుగులు వెనక్కు జరిగింది. ఆయన తొక్కాక చప్పుడు కోసం చూసి, మళ్ళీ తొక్కమని చెప్పి, చివరికి తనే వచ్చి చెప్పుకాలితో తొక్కి చూసింది. "ఎవరు చేసినారన్నా?" అంది. "మా కోడలు. నేను పక్కన ఉన్నా" అన్నాడు రామాంజినప్ప.

రాజ్యోత్సవం సాయంత్రం వనజ, మంజునాథ, హోసూరు నుంచి తిరిగొచ్చిన సుంకమ్మ జనంలో నిలబడ్డారు. సరోజమ్మ నెమ్మదైన కన్నడ పాటొకటి పాడుతోంది. గిటారు వంతు దగ్గరపడే కొద్దీ వనజ చేతులు బిగుసుకున్నాయి. చప్పుడు కోసం చూస్తూ చూస్తూ ఉండగానే గిటారు జీరగా, నిండుగా లేచింది. ఆయన తొక్కిన క్షణమేదో ఆమెకు తెలియనే లేదు. ఇన్ని రోజులూ ఆ గిటారులో ఠప్పునే వెతికిన ఆమె చెవికి అప్పుడు పాట వినబడింది. వంతు అయిపోవచ్చింది. సరోజమ్మ మైకు దించి, ఇంకోసారి వాయించమని ఆయనకు చెయ్యి ఊపింది.

"మా నాయన ఇంత బాగా వాయిస్తాడా?" అన్నాడు మంజునాథ.

"సుమ్నే ఉండప్పా, విననీ" అంది వనజ.