సగం గడ్డం

మెడ వెనక అంటుకున్న వెంట్రుకలు బ్రష్షుతో దులిపి, తెల్లగుడ్డ విదిలించి, "గడ్డం కూడా చేసెయ్యమంటారా?" అని అడిగాడు కత్తెర బాబాయ్. జవాబు తెలిసీ అడగడం ఆయనకి అలవాటు.

"అబ్బే, ఇంట్లో గీసుకుంటాలే బాబాయ్," అన్నాడు బ్యాంకు గుమాస్తా, తెలియకుండానే గొంతు తడుముకుంటూ.

ఆ వీధిలో అందరూ ఇంట్లోనే గీసుకుంటారు. బాబాయ్ భార్య దారపు ఉండ కొనుక్కొస్తానని వెళ్ళి దారీ తెన్నూ లేకుండా పోయిన నాటినుంచీ ఇదే వరస. కేశాలతో బతికే మనిషి మెడకి కేసొకటి చుట్టుకుంది. స్టేషన్లో ఆయన్ని కూర్చోబెట్టారు, నిలబెట్టారు, చివరికి వదిలిపెట్టారు. ఎందుకు వదిలిపెట్టారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. దాంతో వీధే తీర్పు రాసేసుకుంది: కత్తెరకి తల ఇవ్వచ్చు, కత్తికి గొంతు ఇవ్వకూడదు. ఆయన పేరూ కత్తెర దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఫోటో స్టేషన్ గోడ మీద ముక్కూ మొహం తెలియకుండా వెలిసిపోయింది. దాని పక్క ఫోటోలోని కుక్కపిల్ల మర్నాడే దొరికింది.

అయినా బాబాయ్ రోజూ పొద్దున్నే తోలుపట్టీ మీద కత్తి నూరతాడు. అది చూసినవాళ్ళు పక్కవాళ్ళకి ఇంకో నాలుగు మాటలు నూరిపోస్తారు.

ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి హెడ్డుగారు వచ్చారు. ఒకప్పుడు ఆ కేసు చూసిన హెడ్ కానిస్టేబులే. రిటైరయ్యాక ఆయనకి మిగిలింది గుండెజబ్బు, చేతికర్ర, తల మీద నాలుగు వెంట్రుకలు. అప్పుడప్పుడూ వచ్చి ఆ నాలుగూ కత్తిరించుకుని, "ఆవిడ కబురేమైనా ఉందా?" అని, తన పని ఎదుటివాడికి అప్పజెప్పినట్టు అడిగి పోతుంటారు.

ఇవాళ కూర్చుంటూనే, "గడ్డం చెయ్యి," అన్నారు.

కత్తెర అందుకోబోతున్న చెయ్యి ఆగిపోయింది. "గడ్డమా అండీ?"

"చెవుడొచ్చిందా? గడ్డమే. చేతులు వణుకుతున్నాయయ్యా. ఇంట్లో నన్ను నేనే కోసుకుంటున్నాను."

బాబాయ్ నురగ పట్టించాడు. కుడి చెంప మీద కత్తి జారుతుంటే, కాయలు కాసిన ఆ వేళ్ళు మరిచిపోయిన పని ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాయి.

"నువ్వు కాదని మొదటి వారమే తెలుసు నాకు," అన్నారు హెడ్డుగారు, కళ్ళు మూసుకునే.

కత్తి గాలిలో నిలబడిపోయింది. "తెలిసీ ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు కాదంటే ఆవిడ ఏమైందో వెతకాలి కదా. ఎవడు తిరుగుతాడు? నీ మీద అనుమానమని రాసి పడేస్తే ఫైలు హాయిగా నిద్రపోయింది."

నోటిదాకా వచ్చిన బూతుని బాబాయ్ గుటకేశాడు. చేతిలో కత్తి, కత్తి కింద గొంతు. ఇన్నేళ్ళుగా వీధి మొత్తం ఊహించుకుంటున్న బొమ్మ అచ్చంగా అదే. ఆయన కత్తిని గుడ్డకి తుడిచాడు.

"ఈ మాట ఎదురు టీకొట్టు దగ్గర చెప్తారా? నలుగురూ వినేలా?"

"చెప్తాలే. ముందు రెండో చెంప కానీ."

బాబాయ్ హెడ్డుగారి తల పక్కకి తిప్పాడు. తల తిరిగి, అక్కడ ఆగక భుజం మీదికి వాలిపోయింది.

"హెడ్డుగారూ."

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు.

అప్పుడే కేకెయ్యాల్సింది. కానీ సగం గడ్డంతో మనిషిని కుర్చీ దింపితే వాడి పరువు తీసినట్టేనని తండ్రి నేర్పిన పని ఆయనది. తల ఎత్తి ఆనించి, చర్మం సాగదీసి పట్టుకుని, రెండో చెంప మొదలుపెట్టాడు. గొంతు దగ్గర మరీ నెమ్మదిగా. ఒక్క గాటు పడలేదు.

ఖాళీ గ్లాసు కోసం వచ్చిన టీకొట్టావిడ గుమ్మంలోనే బిగుసుకుపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, రోడ్డు దాటి పరుగెత్తింది.

"ఒక్క వాటు మిగిలిందమ్మా," అన్నాడు బాబాయ్, ఖాళీ గుమ్మంతో.

జీపు వచ్చింది. గుండె ఆగిందని తర్వాత డాక్టరు రాస్తాడు. అది చదివేవాళ్ళెవరూ ఆ వీధిలో లేరు. "నేను చెప్పలా?" అంటున్నాడు బ్యాంకు గుమాస్తా, గొంతు నిమురుకుంటూ. బాబాయ్ జీపెక్కాడు.

కూర్చునేముందు హెడ్డుగారు తీసి పెట్టిన కళ్ళజోడు అద్దం ముందు అలాగే ఉంది, కుడి అద్దం మీద ఒక నురగ చుక్క ఆరిపోతూ.