మూడు నీలి గీతలు

మందు దగ్గర పెట్టుకుని లేదన్నారు. హమాలీ భార్య నలభై రోజులు నొప్పితో అరిచి అరిచి చనిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అయినా పొద్దుటి నుంచి లాయరు ఆఫీసులో వాదన నడుస్తూనే ఉంది. అంతకు ముందు పోలీస్ స్టేషన్లో హమాలీని రెండు గంటలు నిలబెట్టారు. మూడు రోజుల క్రితం, మందుల షాపు వెనక అతను కాపురముండే గదిలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు నూట ఆరు పెట్టెలు పట్టుకున్నాడు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందులు. అక్కడ దాచడానికి లైసెన్సు లేదు. షాపు యజమాని ఆ రోజు నుంచి ఎవరికీ కనబడలేదు. అతని బావమరిది మాత్రం హమాలీ పక్కనే అంటుకుని కూర్చున్నాడు.

“టీ తాగు మావయ్యా.”

హమాలీ ఇరవై రెండేళ్ళుగా ఆ షాపుకు పెట్టెలు మోస్తున్నాడు. ముప్ఫై మోస్తే రెండు పూటల తిండి, ఇరవై అయితే ఒక పూట. ఇన్నేళ్ళలో ఆ ఇంటివాళ్ళు టీ ఇచ్చింది లేదు, మావయ్యా అన్నదీ లేదు.

“చల్లారనీ,” అన్నాడు.

లాయరు కాగితం ముందుకు తోశాడు. “మధ్యాహ్నం మీ యజమాని ముందస్తు బెయిలు వాదనకొస్తుంది పెద్దాయనా. అరెస్టు చేయకముందే తెచ్చుకునే బెయిలు. నువ్వు దీని మీద సంతకం పెడితే పనైపోతుంది.”

“మరి నాకో?”

“నీకూ వేస్తాం. రేపు.”

“ఈలోపల నన్ను పట్టుకుపోతే?”

“నిన్నెవరు పట్టుకుంటారు మావయ్యా!” బావమరిది నవ్వాడు.

“ఎవరూ పట్టుకోనివాడికి బెయిలెందుకు?”

లాయరు గుమాస్తా దగ్గు నటిస్తూ మొహం తిప్పుకున్నాడు. హమాలీ బల్ల కేసి చూశాడు. యజమాని ఫైలు ఒక్కటే ఉంది.

ఊళ్ళో బడికి వెళ్ళింది అయిదేళ్ళు. కాగితంలో అక్షరాల కింద వేలు పెట్టి చదివాడు. గది నాది. సరుకు నాది. యజమానికి ఏమీ తెలియదు. పెట్టెల మీది నీలి గీతలు నావి.

ఆఖరి మాటొక్కటే నిజం. ఇద్దరు మోసే చోట కూలి దగ్గర తగువు రాకుండా హమాలీలు ఎవరి పెట్టె మీద వాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. ఇతనిది నీలి సుద్దతో మూడు గీతలు. గుడ్డల సరుకు, నీ గదిలో పెట్టమని యజమాని అంటే మోసి, ప్రతి పెట్టె మీదా గీశాడు. చోటు చాలక భార్య మంచం వరండాలోకి లాగాడు.

ఆ వరండాలోంచే నొప్పిమాత్రల చీటీ పట్టుకుని తొమ్మిదిసార్లు షాపుకు వెళ్ళాడు. “స్టాకు లేదు, కంపెనీ పంపట్లేదు,” అన్నాడు యజమాని. చీటీ ఉన్నవాడికి అమ్మితే పుస్తకంలో రాయాలి. లేనివాడికైతే పదింతలకు అమ్ముకోవచ్చు. ఆమె పోయాక, మొదటి పెట్టె చించి ఇన్‌స్పెక్టరు పైకి చదివిన పేరు, హమాలీ జేబులోని చీటీలో ఉన్న పేరు ఒకటే.

“సంతకానికి చెయ్యి రాకపోతే నీ మూడు గీతలే గీసెయ్, అలవాటేగా,” అన్నాడు బావమరిది.

హమాలీ జేబులోంచి చీటీ తీసి కాగితం మీద పెట్టాడు. “దీని మీద స్టాకు లేదని మీ బావ చేత రాయించుకురా. అప్పుడు పెడతా సంతకం.”

ఎవరూ చీటీ ముట్టుకోలేదు.

“గది ఖాళీ చెయ్యాల్సొస్తుంది. ఆలోచించుకో.” ఈసారి బావమరిది మావయ్యా అనలేదు.

“మంచం ఎప్పుడో బయట పెట్టాను.”

చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. టీ మీద తొరక కట్టింది.

మెట్ల దగ్గర కానిస్టేబులు కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ స్టేషన్‌కు నడిచారు.

“గీతలు నీవేనా?” అని అడిగాడు ఎస్సై.

“నావే.”

“ఎవరు మోయించారు?”

చెప్పాడు. ఏ రోజు ఎన్ని, ఏ బండిలో వచ్చాయి, తాళం ఎవరి దగ్గరుండేది, అన్నీ చెప్పాడు. ఎస్సై రాసుకున్నాడు.

“ఇంట్లోనే మందు పెట్టుకుని తెలీలేదంటే ఎవరు నమ్ముతారయ్యా? మీ ఆవిడ అంత నొప్పితో...”

“పెట్టెల సంగతి అడగండి, చెప్తా. ఆమె సంగతి వద్దు.”

“కేసుకు బలం...”

“వద్దన్నాను.”

ఎస్సై మళ్ళీ అడిగాడు. తర్వాత కోర్టులోనూ అడిగారు. పెట్టెల గురించి అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పాడు. ఆమె గురించి మాత్రం మళ్ళీ నోరు విప్పలేదు.